బావకు ఎనభై, బావమరిదికి అరవై ఐదు

నేను ఇరవై ఆరేళ్ళు హోసూరు పక్కన మూకండపల్లిలో ఒకే లేత్ షాపులో టర్నర్‌గా, అంటే ఇనుమును తిప్పి చెక్కేవాడిగా, పని చేసినాను. ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను ఎప్పుడూ అడిగేవి అవే. ఏ స్టీలు వాడాల, ఎంత స్పీడులో తిప్పాల, ఎంత బిగువు పెట్టాల? అవన్నీ పుస్తకాల్లో ఉండాయి. ఆడ చూసుకోండి. నేను రాసేది నేను చేసిన తప్పుల గురించి. వాటిని ఏ పుస్తకంలోనూ వెయ్యలేదు కాబట్టి నేనే రాసుకోవాల.

మా పని తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. ఇనప చైన్ల మీద పాకే పెద్ద తవ్వే మిషన్లను మీరు చూసే ఉంటారు. దాని చేతి కొసన బకెట్టు ఉంటుంది. బకెట్టుకు పైన రెండు జతల చెవులు, ఒక్కో చెవికి ఒక రంధ్రం. మిషను చేతిని చెవుల నడుమ పెట్టి, ఆ రంధ్రాల్లో లావుపాటి ఇనప పిన్నులు దూరిస్తే బకెట్టు నిలబడుతుంది. ఒక కంపెనీ మిషనుకు ఒక సైజు పిన్ను, ఇంకో కంపెనీకి ఇంకో సైజు. ఆ కాలంలో కృష్ణగిరి చుట్టూ గ్రానైట్ క్వారీలు జోరుగా నడస్తా ఉండినాయి. క్వారీవాళ్ళు తీసేసిన పాత మిషను ఒక చోట కొంటారు, పాత బకెట్టు ఇంకో చోట కొంటారు. ఇంటికి తెచ్చి చూసుకుంటే పిన్ను సన్నం, రంధ్రం పెద్దది. అప్పుడు మా దగ్గరికి వస్తారు. ఆ రంధ్రంలో కూర్చునేట్టుగా మేము ఒక ఇనప గొట్టం ముక్క చేసిస్తాము. దాని బయటి కొలత రంధ్రానికి, లోపలి కొలత పిన్నుకు. దాన్నే బుష్షు అంటాము. చూసేదానికి లావుపాటి కడియం మాదిరి ఉంటుంది. ఇంత చిన్న ముక్క సరిగ్గా లేకుంటే ఇరవై టన్నుల మిషను చేతులు ముడుచుకోని కూర్చోవాల్సిందే.

గాజు కొలత

మా ఓనరు సంపంగన్న. మనిషి మంచోడు, నమ్మకం మాత్రం తక్కువ. గిరాకీ ఎవరన్నా వచ్చి "అరవై ఎమ్మెమ్ అప్పా" అంటే, "ఎవురు కొలిచినారు? దేంతో కొలిచినారు? కొలిచేటప్పుడు కండ్లద్దాలు పెట్టుకోనింటివా?" అని మూడు ప్రశ్నలు వేసేవాడు. ఆయన చాదస్తం చూసి నేను లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి.

ఆయన అట్ల అడగడానికి కారణం లేకపోలేదు. జనాలు కొలతలు తెచ్చే తీరు అట్ల ఉండేది. ఒకాయన రంధ్రంలోకి ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, నొక్కి, ఆ ముక్కను గుడ్డలో చుట్టి తెచ్చినాడు. హోసూరు చేరేసరికి అది వాడిపోయి రెండు ఎమ్మెమ్ తగ్గింది. ఇంకొకాయన దారం తెచ్చినాడు. ఎక్కణ్ణించి ఎక్కడిదాకా కొలిచినాడో ఆయనకే గుర్తులేదు.

సంపంగన్న ఊర్లో లేని ఒక రోజు మత్తూరు నుంచి ఒక రైతు వచ్చినాడు. జేబులోంచి ఒక ఇత్తడి గాజు తీసి నా చేతిలో పెట్టినాడు.

"మా ఇంటామెది. రంధ్రంలో కరెక్టుగా దూరిందప్పా. దీన్ని బట్టి చేసెయ్."

నేను గాజును వెర్నియర్ అనే కొలత పట్టకారుతో పట్టి కొలిచి బుష్షు చేసిచ్చినాను. నాలుగు రోజులకు ఆయన మళ్ళీ వచ్చినాడు, ఈసారి పెండ్లాంతో. బుష్షు రంధ్రంలో గలగలమని ఆడతా ఉందంట. ఆమెకు బుష్షు సంగతి అక్కర్లేదు.

"నా గాజు యాడ?" అనింది.

తీసిచ్చినాను. వెర్నియర్ మూతిలో గట్టిగా బిగించి కొలిచినాను గదా, గాజు కోడిగుడ్డు ఆకారానికి వచ్చేసింది. అంటే నేను కొలిచింది రంధ్రాన్ని కాదు, గాజును కూడా కాదు, నా చేతి బిగువును. సంపంగన్న వచ్చి విని, ఏమీ తిట్టకుండా నన్ను హోసూరు బజారుకు పంపినాడు, ఆమెకు గాజులు తెచ్చేదానికి. అంగడామె "ఏం సైజప్పా?" అనింది. నేను అలవాటు కొద్దీ ఎమ్మెమ్‌లో చెప్పినాను. అంగట్లో ఉన్న ఆడోళ్ళంతా నా వైపు తిరిగి చూసినారు.

ఆ రోజు నుంచి ఒక రూలు పెట్టుకున్నాను. రంధ్రం దగ్గరికి మనమే పోవాల, లేదా రంధ్రాన్నే మన దగ్గరికి తెప్పించాల. ఒక్కో రంధ్రాన్ని మూడు దిక్కుల కొలవాల, రెండు చెవులనూ కొలవాల. ఇది చేస్తే ఇంక తప్పు జరగదని అనుకున్నాను. తప్పులు వేరే దారిన వస్తాయని అప్పటికి తెలియదు.

ఐసు డబ్బాలో బుష్షులు

డెంకణికోట అవతల, అడివి పక్కన ఉండే ఒక పల్లె నుంచి మంజు అనే అతను ట్రాక్టరులో బకెట్టు వేసుకోని వచ్చినాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయి. నవ్వు మొహం, నోరు ఊరకుండదు. క్వారీ అమ్మకంలో పాత మిషను కొన్నాడు, తనే తోలుకుంటాడు. రాళ్ళ నేలలో పని చేసే మొద్దు బకెట్టు అది. రంధ్రాలు ఎనభై ఎమ్మెమ్. మంజు మిషను పిన్ను అరవై ఐదు.

బకెట్టే వచ్చింది కాబట్టి నేను పండగ చేసుకున్నాను. నాలుగు రంధ్రాలూ మూడు మూడు దిక్కుల కొలిచినాను. బుష్షులు రంధ్రం కంటే ఒక వెంట్రుకంత లావుగా తిప్పినాను. అట్లాంటి బుష్షును సుత్తితో కొట్టి దూర్చగూడదు. బుష్షును చల్లగా చేసి, బకెట్టు చెవిని గ్యాసు మంటతో కాస్త వేడి చేస్తే, ఇది కుంచించుకుంటుంది, అది విచ్చుకుంటుంది. అప్పుడు చేత్తోనే లోపలికి జారిపోతుంది. రెండూ మామూలు వేడికి వచ్చినాక ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

చల్లగా చెయ్యడానికి మా దగ్గర ఏముండాది? వీధి చివర్లో కప్పు ఐసు అమ్మే ఆయన్ను బతిమాలి, ఆయన డబ్బాలో ఉప్పు కలిపిన ఐసు గడ్డల నడుమ నాలుగు బుష్షులూ పూడ్చిపెట్టినాను. ఫ్యాక్టరీ షిఫ్టు ముగించుకోని వస్తా ఉన్న ఒకామె డబ్బా మూత తెరిచినప్పుడు తొంగిచూసి, "ఇదేం ఐసన్నా, నల్లగా ఉంది?" అనిందంట. "అది టర్నరన్న ఆర్డరమ్మా. మీ పండ్లకు పనికిరాదు" అన్నాడంట ఆయన.

బుష్షులు వెన్నలో వేలు పెట్టినట్ల దిగినాయి. నేను చేతులు దులుపుకోని, "ఇంక నువ్వు పీకినా రాదు, మీ తాత వచ్చి పీకినా రాదు" అన్నాను. అది నా డంబం అనుకోని మంజు సంతోషంగా బకెట్టు తీసుకోని పోయినాడు.

అడగాల్సిన ఒక మాట నేను అడగలేదు. ఈ బకెట్టు ఇంకెవురన్నా వాడతారా?

సరిగ్గా వారానికి ఒక పెద్దాయన షాపులోకి వచ్చినాడు. నున్నటి బట్టతల, దానికి జోడుగా గుబురు మీసాలు. భుజాన ఒక మూర పొడవు పిన్ను, ఎనభై ఎమ్మెమ్‌ది, ఇరవై కేజీలు తూగుతుంది. దాన్ని నా లేత్ పక్కన బల్ల మీద దబ్బుమని పడేసినాడు.

"దీన్ని యాడ దూర్చాలప్పా? నువ్వే చెప్పు."

ఆయన గోవిందప్ప, మంజుకు బావ. మంజు అక్క లక్ష్మమ్మను చేసుకున్నాడు. క్వారీ అమ్మకంలో ఇద్దరూ చెరొక మిషను కొన్నారు. రాళ్ళ బకెట్టు ఒక్కటే దొరికింది. ఇద్దరూ కలిసి కొన్నారు, ఒక వారం బావకు, ఒక వారం బావమరిదికి అని. బావ మిషను పిన్ను ఎనభై. బకెట్టు ఉన్నది ఉన్నట్టుగా ఆయనకు సరిపోతుంది. నేను లోపల బుష్షులు పాతిపెట్టేసరికి అది మంజు మిషనుకు తప్ప ఇంక దేనికీ పనికిరాకుండా పోయింది.

"పోయిన నెల దూరిన పిన్ను ఈ నెల ఎందుకు దూరదు? రంధ్రం ఎండకు ముడుచుకుందా?" అన్నాడు గోవిందప్ప. "కావాలని చేసినాడు వాడు. బకెట్టును వాడి మిషనుకు కట్టిపెట్టుకున్నాడు."

అప్పుడు నేను చెప్పాల్సింది ఒకటే. పెద్దాయనా, మంజుకు ఈ సంగతి తెలియదు, బిగువు పెట్టింది నేను, ఊడదీసే దారి పెట్టకుండా చేసింది నేను. ఆ మాట నాలుక దాకా వచ్చింది. పక్కన నలుగురు పనివాళ్ళు వింటా ఉండారు. నేను సీనియర్ని.

"గిరాకీ అడిగినట్ల చేసినానన్నా" అన్నాను.

ఆయన పిన్ను భుజానికి ఎత్తుకోని పోయినాడు. నా నలభై ఏళ్ళ నోటితో నేను ఆడిన మాటల్లో అంత పిరికి మాట ఇంకొకటి లేదు. ఆ రోజు నుంచి బావా బావమరుదులు మాట్లాడుకోవడం మానేసినారు. ఇండ్లు రెండూ పక్కపక్కనే.

ఏనుగు వచ్చింది

ఇంకొక తప్పు కూడా అదే బకెట్టులో దాక్కోని ఉండింది. చెవి పైన గ్రీసు ఎక్కించే చిన్న ముక్కు ఉంటుంది. దాని కింద సన్న దారిలో గ్రీసు పిన్ను దాకా పోతుంది. నా బుష్షు ఆ దారికి సరిగ్గా అడ్డం కూర్చుంది. బుష్షులో దానికి ఎదురుగా ఒక రంధ్రం వెయ్యాల. నేను వెయ్యలేదు. ఐసు డబ్బా సంబరంలో మర్చిపోయినాను. మంజు దినామూ గ్రీసు కొడతానే ఉన్నాడు. ఆ గ్రీసు బుష్షు వీపు దాకా పోయి ఆగిపోతా ఉంది.

గ్రీసు లేని పిన్ను మూడు వారాలు ఓర్చుకుంది. నాలుగో వారం, ఒక రోజు పొద్దు గూకే వేళకు, మంజు రాగి చేను పక్కన గట్టు చదును చేస్తా బకెట్టు మడిచినాడు. అది ఘీంకరించింది.

అడివి పక్కన పల్లె. రాగి కంకులు పాలు పట్టే కాలం. ఏనుగుల కోసం జనాలు చెవులు నిక్కించుకోని ఉండే రోజులు. ఆ అరుపు వినేసరికి ఒకరు తకరం రేకు డబ్బా కొట్టినారు. ఇంకొకరు టపాకాయలు కాల్చినారు. నలభై మంది దివిటీలు పట్టుకోని "హోయ్, హోయ్" అని చేను వైపు పరిగెత్తినారు.

మంజు క్యాబిన్‌లో ఉండాడు. టపాకాయలు విన్నాడు, దివిటీలు చూసినాడు. ఏనుగు వచ్చింది, అది తన ఎనకాలే ఉండాదని అనుకున్నాడు. మిషను తిప్పి పారిపోవడం మొదలుపెట్టినాడు. ఆ మిషను పరుగంటే మనిషి నడకంత. ఏనుగును బెదిరించేదానికి పోతా పోతా బకెట్టు ఆడించినాడు. ఆడించిన ప్రతిసారీ అది ఘీంకరించింది. ఘీంకరించిన ప్రతిసారీ జనాలు ఇంకో టపాకాయల సరం కాల్చినారు. ఫారెస్టు వాచరు వచ్చి, టార్చి వేసి, జనాలనూ మంజునూ ఆపేదాకా ఊరంతా మంజును తరిమింది, మంజు ఏనుగు నుంచి పారిపోయినాడు. ఏనుగు మాత్రం లేదు.

మర్నాడు పొద్దున మంజు డెంకణికోట ఎస్టీడీ బూత్ నుంచి షాపుకు ఫోన్ చేసినాడు. ఫోన్ ఎత్తింది సంపంగన్న.

"మీ బుష్షు ఏనుగు మాదిరి అరస్తా ఉందన్నా. ఊర్లో నన్ను ఏనుగప్పా అంటా ఉండారు. మా బావకు నాతో మాటలు గూడా లేవు."

సంపంగన్న నన్ను పిలిచి మొత్తం అడిగినాడు. ఈసారి దాచకుండా చెప్పినాను. గోవిందప్పతో నేనన్న మాటతో సహా. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"గ్రీసు రంధ్రం మర్చిపోయినావు, అది నాకూ జరిగింది. ఆ పిల్లోడి మీదికి తోసినావే, అది నాకు జరగలేదు. నువ్వే పో. రెండూ సరిచేసి రా" అన్నాడు.

ఇరవై ఆరేళ్ళలో ఎంతో మంది మేస్త్రీలను చూసినాను. తప్పు చేసినప్పుడు అరిచినవాళ్ళు ఎవరూ నాకేమీ నేర్పలేదు. అద్దాలు తుడుచుకున్న ఈయన నేర్పినాడు.

లక్ష్మమ్మ నడుమ నిలబడింది

కొత్తగా నాలుగు బుష్షులు చేసుకోని పోయినాను. ఈసారి వెంట్రుకంత వదులుగా, బయట ఒక అంచు, ఆ అంచుకు రెండు బోల్టులు. కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే ఊడదీసుకోవచ్చు. గ్రీసు రంధ్రం ఒకటికి రెండు వేసినాను.

పాతవి ఊడదీసేదానికి ఒక ఉపాయం ఉండాది. తెలుసుకోండి. సుత్తికి రాని బుష్షు లోపల వెల్డింగు గీతలు గియ్యాల. ఎర్రగా కాలిన ఆ గీత చల్లారేటప్పుడు గట్టిగా ముడుచుకుంటా బుష్షును లోపలికి లాగుతుంది. పల్లెలో డీజిల్ వెల్డింగు సెట్టు తెప్పించి, గీతలు గీసి, పక్కన కూర్చోని ఎదురుచూసినాము. మంజు బకెట్టుకు ఇటు, గోవిందప్ప అటు, చెరొక దిక్కుకు తిరుక్కోని. కాసేపటికి మొదటి బుష్షు టక్‌మని శబ్దం చేసింది. చిన్నగా తట్టినాను. జారి నేల మీద పడింది.

"ఇంతేనా!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. అన్నాక, ఒకరి మాట ఒకరికి కలిసిందని ఇద్దరికీ కోపం వచ్చింది.

ఇంక కొత్త బుష్షులతో బకెట్టును మంజు మిషనుకు తొడిగి చూడాల. ఇది ఒక్కడి పని కాదు. క్యాబిన్‌లో ఉండేవాడికి రంధ్రాలు కనిపించవు. బకెట్టు దగ్గర నిలబడినోడు చెప్పాల, ఇంకొంచెం ఎత్తు, దించు, ముందుకు అని. మంజు క్యాబిన్ ఎక్కినాడు. ఒక చెవి దగ్గర నేను. రెండో చెవి దగ్గర గోవిందప్ప, తన బకెట్టును ఇంకొకరు తాకితే ఓర్చుకోలేక. బావా బావమరుదులకు మాటలు లేవు, మరి చెప్పేదెట్ల? లక్ష్మమ్మను పిలిచినారు. ఆమె చేతిలో సంగటి కెలికే కట్టెతో వచ్చి ఇద్దరికీ నడుమ నిలబడింది.

"ఒక వెంట్రుక పైకెత్తమను నీ తమ్మునికి" అన్నాడు గోవిందప్ప.

"రేయ్ మంజూ, వెంట్రుకంత పైకంట!"

"ఎవురి వెంట్రుకో అడుగక్కా. ఆయన నెత్తిన ఒకటి గూడా లేదు గదా."

"నీ నెత్తిన వెంట్రుక లేదంటా ఉండాడు" అనింది ఆమె మొగుడితో, ఏమీ తగ్గించకుండా.

"ఏనుగప్పకు వెంట్రుకల లెక్కలు ఎందుకు? దించమను!"

"దించాలంట, ఏనుగప్పా!"

ఎత్తమన్న మాట చేరేసరికి దించాల్సిన సమయం వస్తా ఉంది. దించమన్న మాట చేరేసరికి దాటిపోతా ఉంది. మిషను చెయ్యి ఉయ్యాల మాదిరి పైకి కిందికి ఊగతా ఉంది. అరగంటకు లక్ష్మమ్మ కట్టె ఎత్తి ఇద్దరికీ చూపించింది.

"ఆడ సంగటి అడుగంటతా ఉండాది. మీరూ వద్దు, మీ బకెట్టూ వద్దు" అని ఇంట్లోకి పోయింది.

ఆమె పోయినాక ఎవురూ ఎవురికీ చెప్పేది లేదు. నాకు ఓర్పు చచ్చింది. రంధ్రాలు దాదాపు కలిసినాయి. ఎంత తేడా ఉందో చూద్దామని చూపుడు వేలు లోపల పెట్టినాను. ఈ పనిలో చేరిన మొదటి రోజు సంపంగన్న నాకు చెప్పిన మొదటి మాట, రంధ్రంలో వేలు పెట్టొద్దని. ఆ తరవాత చేరినవాళ్ళందరికీ నేను చెప్పిన మాట కూడా అదే. వేలు పెట్టినాను.

మిషను చెయ్యి కదిలింది.

"రేయ్ మంజూ! ఆపురా! ఆయన వేలురా!" గోవిందప్ప గొంతు ఇంజన్ శబ్దాన్ని చీల్చుకోని పోయింది.

చెయ్యి అక్కడికక్కడే ఆగింది. ఒక్క క్షణం ఆలస్యమైతే ఈ పేరాలు నేను ఇంకో వేలితో రాయాల్సి వచ్చేది. గోరు పోయింది, తోలు పోయింది, వేలు మిగిలింది. మంజు క్యాబిన్ నుంచి దూకి వచ్చినాడు. వాని మొహంలో నెత్తురు లేదు.

"ఏమైంది బావా? తెగిందా బావా?"

"తెగలేదు లేరా. గోరే. నువ్వు అట్ల చూడద్దు, కూర్చో. నీళ్ళు తాగు."

మూడు వారాల తరవాత వాళ్ళ మొదటి మాటలు అవి. నా వేలికి పంచె చింపి కట్టు కట్టింది గోవిందప్ప. తరవాత బకెట్టు తొడగడానికి అయిదు నిమిషాలు పట్టింది. "ఎత్తు, ఎత్తు, చాలు, ఆపు." పిన్ను కొత్త బుష్షుల్లోకి మెత్తగా దిగింది. గ్రీసు కొడితే రెండో పక్క నుంచి బయటికి వచ్చింది. బకెట్టు మడిస్తే ఏ శబ్దమూ లేదు.

భోజనం దగ్గర చెప్పేసినాను. బుష్షులు ఊడకుండా పెట్టింది నేనే, మంజుకు తెలియదు, ఆ రోజు షాపులో భయపడి తప్పు వాని మీదికి తోసినాను అని. ఇద్దరూ నా వైపు తిరిగినారు.

"ఆ మాట ఆ రోజే చెప్పింటే?" అన్నాడు గోవిందప్ప.

"అదే గదా బావా! ఒక్క మాట! నేను ఏనుగు గూడా అయ్యుండను."

"గ్రీసు రంధ్రం మర్చిపోయే టర్నర్ యాడన్నా ఉంటాడా రా?"

"ఉండడు బావా. వేలు పెట్టే టర్నర్ గూడా ఉండడు."

అట్ల ఇద్దరూ ఒక్కటై నన్ను తిడతా ఉంటే నాకు నిజంగా హాయిగా ఉండింది. కుడి చేతికి కట్టు ఉంది కాబట్టి సంగటి ముద్ద చేసుకోలేను. మంజు చేసి నోట్లో పెట్టినాడు. "చిన్నగా చెయ్యరా, గొంతులో ఇరుక్కుంటుంది" అన్నాడు గోవిందప్ప. "ఆయన గొంతు కొలత నాకు తెలుసులే బావా" అన్నాడు మంజు. ఇంక ఆడ నుంచి ముద్ద సైజు మీద పడినారు, ఆ తరవాత వెంట్రుక పైకా కిందికా అని, ఆ తరవాత క్వారీలో బకెట్టును మొదట చూసింది ఎవురు అని. ఇల్లు ఎగిరిపోతా ఉంది.

లక్ష్మమ్మ నా ఆకులో పులుసు పోస్తా వంగి, మెల్లగా అడిగింది.

"అన్నా, ఇట్లాంటి తప్పు మళ్ళీ ఎప్పుడన్నా చేస్తావా? ఆ మూడు వారాలు ఇంట్లో ఎంత నిమ్మళంగా ఉండిందో."